పాత జెన్‌కు వెడల్పు ఫెండర్లు: ఉప్పల్ పాఠకుడికి సమాధానం

ప్రశ్న: నా దగ్గర 2003 నాటి మారుతి జెన్ ఉంది. దానికి వెడల్పు టైర్లు వేసి, నాలుగు చక్రాల మీదా ఉబ్బెత్తుగా కనిపించే ఫైబర్ ఫెండర్లు సొంతంగా తయారు చేసుకోవాలని చాలాకాలంగా కోరిక. థర్మకోల్‌ను బండికి అతికించి, కావలసిన ఆకారంలో చెక్కి, దాని మీద ఫైబర్ వేస్తే చాలని స్నేహితులు అంటున్నారు. ఒక్క బండికే కదా, అచ్చు తప్పనిసరా? ఈ మే నెల సెలవుల్లో మా ఇంటి కింద పార్కింగులో పని మొదలుపెట్టాలని ఉంది. అమ్మకు ఉబ్బసం ఉంది. వాసనతో ఆమెకు ఇబ్బంది అవుతుందా? ఈ ఫెండర్లతో రోడ్డు మీద తిరగవచ్చా? ఒక్కడినే చేయగలనా?
ఒక పాఠకుడు, ఉప్పల్

సమాధానం: మీరు అనుకున్న పని ఇంటి దగ్గర చేయదగినదే. 1953లో అమెరికాలో వచ్చిన షెవర్లే కార్వెట్ బాడీ మొత్తం ఫైబర్‌దే. మన దేశంలో 1980లలో బెంగళూరు నుంచి వచ్చిన సిపానీ డాల్ఫిన్ బాడీ కూడా ఫైబర్‌దే. ఫైబర్ అంటే గాజు పోగుల మ్యాట్‌ను (పరుపులాంటి షీటును) రెజిన్ అనే జిగురు ద్రవంతో తడిపి గట్టిపరచినది. పెద్ద యంత్రాలు లేకుండా, బ్రష్షుతోనూ రోలరుతోనూ చేత్తో వేసుకోగల పదార్థం ఇది. అయితే మీ ఉత్తరంలోని ఆలోచనలో మూడింటిని మార్చుకోవాలి: థర్మకోల్, మే నెల, ఇంటి కింద పార్కింగు. ఆ మూడింటి గురించి వివరంగా రాసే ముందు, మీరు చివరలో అడిగిన రోడ్డు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మిగతా నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం వాహనాన్ని యజమాని తన ఇష్టప్రకారం మార్చడానికి వీల్లేదు. తయారీదారు ఆమోదం పొందిన నమూనాకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే సంవత్సరం వచ్చిన సవరణ చట్టం 182ఎ సెక్షన్‌ను చేర్చి, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చని చెప్పింది. పైగా మీ బండికి పదిహేనేళ్లు ఎప్పుడో దాటాయి కాబట్టి ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు తనిఖీకి తీసుకువెళ్లాలి. వెడల్పు చేసిన బండి ఆ తనిఖీలో నిలబడదు. బీమా కంపెనీకి తెలియజేయకుండా చేసిన మార్పు ప్రమాదం జరిగిన రోజున క్లెయిమ్ తిరస్కరణకు కారణం కావచ్చు. అందువల్ల ఈ ఫెండర్లతో రోడ్డు మీద తిరగవద్దన్నదే నా సమాధానం. ప్రదర్శనల్లో నిలపడానికో, ప్రైవేటు స్థలంలోనో ట్రాక్ మీదో నడపడానికో చేసుకోండి. అక్కడి వరకు బండిని ట్రైలర్ మీద తీసుకువెళ్లండి.

దీని నుంచే పనికి సంబంధించిన మొదటి సలహా పుడుతుంది. మీ బండి ముందు ఫెండర్లు బోల్టులతో బిగించినవి. విప్పి పక్కన పెట్టవచ్చు, మళ్లీ ఎప్పుడైనా బిగించవచ్చు. వెనుక చక్రం మీది రేకు అలాంటిది కాదు. అది బాడీలో భాగం, లోపలి రేకుతో కలిపి స్పాట్ వెల్డింగ్ చేసి ఉంటుంది. దాన్ని కోస్తే వెనక్కి వెళ్లే దారి లేదు, కోసిన చోట లోపలి రేకునూ బయటి రేకునూ మళ్లీ కలిపి వెల్డింగ్ చేసి, సీలెంట్ పూయకపోతే నీరు దిగి తుప్పు మొదలవుతుంది. పెట్రోలు పోసే గొట్టం కూడా ఆ వైపే ఉంటుంది కాబట్టి అక్కడ గ్రైండర్ గానీ వెల్డింగ్ గానీ ఇంటి దగ్గర చేయదగిన పని కానే కాదు. కాబట్టి ఈ ఏడాది ముందు ఫెండర్ల జత మాత్రమే చేయండి. వెనుక రేకును ముట్టుకోకండి. పాత బండ్లను విప్పి అమ్మే దుకాణంలో జెన్ ముందు ఫెండర్లు ఒక జత కొనుక్కుని, మీ నమూనాను, అంటే అచ్చు తీయడానికి ముందుగా చెక్కే ఆకారాన్ని, వాటి మీద కట్టండి. కంపెనీ ఫెండర్లు చెక్కుచెదరకుండా ఇంట్లో ఉంటాయి, బండి ఎప్పుడు కావాలంటే అప్పుడు రోడ్డు ఎక్కే స్థితిలో ఉంటుంది.

ఇక చక్రం. ఫెండర్ ముందు చేసి తరువాత దానికి సరిపడే టైరు వెతికేవారిని చాలామందిని చూశాను. వారి బండ్లలో టైరు లోపలికి కుంగి కనిపిస్తుంది, లేదా మలుపులో ఫెండర్‌ను ఒరుసుకుంటుంది. మీరు వాడబోయే రిమ్మూ టైరూ ముందు కొని బిగించండి. తరువాత ముందు స్ప్రింగు తీసేసి, బండిని స్టాండుల మీద నిలిపి, చక్రాన్ని జాకీతో పైకి ఎత్తగలిగినంత ఎత్తి, స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివర వరకు తిప్పి చూడండి. టైరు అంచు ఎంత పైకి, ఎంత ముందుకు, ఎంత బయటికి వస్తుందో అప్పుడు తెలుస్తుంది. ఆ హద్దుకు బయట కనీసం 25 మి.మీ. ఖాళీ ఉండేలా ఫెండర్ లోపలి గీత గీసుకోండి. ఎంత వెడల్పు చేయాలన్న ప్రశ్నకు ఇంతకు మించిన సమాధానం లేదు. చక్రాన్ని బయటికి జరిపే కొద్దీ బేరింగు మీద భారం పెరుగుతుందని కూడా మరచిపోవద్దు. ఒక్కో వైపు 40, 50 మి.మీ. మించి వెళ్లకపోవడం చిన్న బండికి మంచిది.

మీ అమ్మగారి గురించి అడిగారు. ఈ పనిలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. పాలిస్టర్ రెజిన్‌లో స్టైరీన్ అనే ద్రావకం ఉంటుంది. డబ్బా మూత తీసిన క్షణం నుంచి ఘాటైన తీపి వాసన వస్తుంది. అది తల తిప్పుతుంది, కళ్లు మండిస్తుంది, ఉబ్బసం ఉన్నవారికి ఊపిరి బిగపట్టేలా చేయగలదు. ఇంటి కింద పార్కింగులో పని చేస్తే ఆ ఆవిరి మెట్ల దారిన పై అంతస్తులకు ఎక్కుతుంది, పక్కింటివారికీ పోతుంది. అంతకన్నా ప్రమాదం ఐసోసయనేట్లతో. రెండు డబ్బాలు కలిపి పొంగించే పీయూ (పాలియురేథేన్) ఫోమ్‌లో, స్ప్రే డబ్బా ఫోమ్‌లో, హార్డెనర్ కలిపి కార్లకు వేసే టూకే పెయింటులో అవి ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా కొత్తగా ఉబ్బసం తెప్పించగల పదార్థాలు అవి. అందువల్ల పొంగించే ఫోమ్‌ను పూర్తిగా మానేయండి, టూకే ప్రైమరు, పెయింటు పనిని పెయింటింగ్ షాపుకు అప్పగించండి, రెజిన్ పనికి ఊరి బయట ఎవరిదైనా ఖాళీ షెడ్డు గానీ, చుట్టూ తెరిచి ఉన్న రేకుల పందిరి గానీ చూసుకోండి. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ వైపు వెళితే అలాంటి చోటు దొరకడం కష్టం కాదు. రెజిన్ పనికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. దుమ్ముకు వాడే తెల్ల మాస్కు ఆవిరిని ఆపదు. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు మాత్రం ఎన్95 మాస్కు సరిపోతుంది. ఆ రోజు వేసుకున్న బట్టల్లో గాజు నలుసులు ఉంటాయి కాబట్టి వాటిని షెడ్డులోనే మార్చుకుని, ఇంటికి తెచ్చాక మిగతా బట్టలతో కలపకుండా ఉతకండి.

మే నెల ఎందుకు వద్దో చెబుతాను. రెజిన్ గట్టిపడటం రసాయన చర్య. వేడి ఎక్కువైన కొద్దీ అది వేగం పుంజుకుంటుంది, గట్టిపడుతూ అదే మరింత వేడిని పుట్టిస్తుంది. నేను బాలానగర్‌లో ఒక చిన్న షెడ్డులో ఈ పని నేర్చుకుంటున్న రోజుల్లో, ఒక మే నెల మధ్యాహ్నం తొందరపడి కిలో రెజిన్‌ను ఒకేసారి ప్లాస్టిక్ మగ్గులో కలిపాను. మొదటి మ్యాట్ ముక్కను పరిచి వెనక్కి తిరిగేసరికి మగ్గు నుంచి తెల్లటి పొగ లేచింది, మగ్గు అడుగు మెత్తబడి ఒక పక్కకు ఒరిగింది, లోపలి రెజిన్ పగుళ్లు తేలిన గాజుముద్దలా మారింది. చేతిలోకి తీసుకుని ఉంటే కాలిపోయేది. రెజిన్ పనికి హైదరాబాదులో అనువైన కాలం దీపావళి తరువాత నుంచి ఫిబ్రవరి చివరి వరకు. అప్పుడు కూడా తెల్లవారు చలిలో కాకుండా ఎండ కాస్త ఎక్కాక మొదలుపెట్టాలి, ఎందుకంటే 15 డిగ్రీల కన్నా తక్కువలో రెజిన్ సరిగా గట్టిపడదు. వానాకాలంలో మ్యాట్ చెమ్మ పీల్చుకుంటుంది, చెమ్మ పట్టిన మ్యాట్ రెజిన్‌ను సరిగా తాగదు. మీ సెలవులు వృథా అవుతాయని బాధపడకండి. చక్రం కొలతలు, నమూనా చెక్కడం, నునుపు చేయడం ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ నిదానంగా చేసుకోదగిన పనులు, మొత్తం శ్రమలో ముప్పావు వంతు అక్కడే ఉంది.

ఇప్పుడు థర్మకోల్. మీ స్నేహితులు చెప్పింది సగం నిజం. థర్మకోల్ చెక్కడానికి సులువే. కానీ పాలిస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ దాన్ని కరిగించేస్తుంది. నమ్మకం కలగకపోతే ఒక ముక్క మీద నాలుగు చుక్కలు రెజిన్ వేసి చూడండి. చుక్క పడిన చోట గుంట పడి, నిమిషాల్లో అవతలి వైపు దాకా దిగిపోతుంది. పైన టేపు అంటించి కాపాడుకోవచ్చని కొందరు అంటారు గానీ, టేపు అతుకుల మధ్య సూదిమొన అంత సందు ఉన్నా నెల రోజుల చెక్కుడు లోపలికి కుంగిపోతుంది. ఎపాక్సీ రెజిన్ థర్మకోల్‌ను కరిగించదు, కానీ దాని ధర ఎక్కువ, పైగా మామూలు చాప్డ్ స్ట్రాండ్ (తరిగిన గాజు పోగుల) మ్యాట్‌ను కలిపి ఉంచే బైండరు స్టైరీన్‌లో కరగడానికి ఉద్దేశించినది కాబట్టి ఆ మ్యాట్ ఎపాక్సీతో సరిగా కలవదు; నేసిన గాజు బట్ట కొనుక్కోవాలి. మీరు వాడవలసింది కోల్డ్ స్టోరేజీ గోడలకు వేసే గట్టి పఫ్ షీటు. అది ముందే పొంగించి గట్టిపరచిన పీయూ ఫోమ్. పాలిస్టర్ దాన్ని ఏమీ చేయదు, రంపపు బ్లేడుతో తెగుతుంది, ఎమరీ కాగితానికి వెన్నలా లొంగుతుంది. దాని పొడి మాత్రం ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, మాస్కు తీయకండి.

కొన్న పాత ఫెండర్‌ను ముందు బండికే బిగించి, డోరు సందు, బానెట్ సందు సరిచూసుకోండి. ఫెండర్ మీద రెండు వరుసలు మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద పఫ్ ముక్కలను ఫెవికాల్‌తో అతికించండి. పూర్తిగా ఆరడానికి రెండు రోజులు ఇవ్వండి. చెక్కేటప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు, చేతికి నచ్చినట్లు ఒక వైపు పూర్తి చేసి, రెండో వైపు చూపుతో పోల్చుకుంటూ చెక్కడం. కన్ను చాలా త్వరగా సర్దుకుపోతుంది. బండి ముందు నిలబడి చూసినప్పుడు తేడా కనిపించకపోయినా, ఫొటో తీస్తే ఒక భుజం లావుగా తేలుతుంది. దీనికి అట్టలే మందు. చక్రం కేంద్రం నుంచి ముందుకూ వెనక్కీ ప్రతి 5 సెంటీమీటర్లకు ఒక నిలువు గీత గీసి, ఒక్కో గీత దగ్గర ఫెండర్ వంపును గట్టి అట్ట మీద కత్తిరించి, దాని మీద అంకె వేయండి. ఆ అట్టనే తిరగేస్తే అవతలి వైపు అదే గీతకు కొలబద్ద అవుతుంది. ఒక ఫెండర్‌కు పది పన్నెండు అట్టలు పడతాయి. అట్టకూ ఫోమ్‌కూ మధ్య వెలుతురు కనిపించని వరకు రుద్దండి. ఇంకో మాట, ఫెండర్ అంచును చక్రం వైపు లోపలికి మడిచేటప్పుడు ఆ మడత లోతుగా ఉంటే అచ్చు నుంచి ఊడదు. కింద వైపు వెడల్పుగా, పైకి పోయే కొద్దీ ఇరుకుగా ఉండే గిన్నె నుంచి ఇడ్లీ ఎలా ఊడి రాదో ఇదీ అంతే. మడత 15, 20 మి.మీ. చాలు, అంతకన్నా కావాలనుకుంటే అచ్చును రెండు ముక్కలుగా చేసి బోల్టులతో కలపాలి.

చెక్కడం పూర్తయ్యాక పఫ్ మీద 300 గ్రాముల మ్యాట్ (చదరపు మీటరుకు అంత తూగేది) ఒక పొర వేయండి. అది గట్టిపడ్డాక కారు లప్పం పూసి రుద్దండి. లప్పం అంటే గుంటలు కప్పేది మాత్రమే అనుకోవద్దు. వంపు ఒకే ధారగా పోతుందో లేదో చెప్పేది అదే. కళ్లు మూసుకుని అరచేతిని ఫెండర్ పొడవునా ఒకే వేగంతో జరపండి. చూపుకు అందని ఎత్తుపల్లాలు అరచేతికి అందుతాయి. ఈ దశలో మీరు వదిలేసిన ప్రతి గీతా అచ్చులోకి, అక్కడి నుంచి ప్రతి ఫెండర్‌లోకి వస్తుంది. మ్యాట్, లప్పం పనిని కూడా షెడ్డులోనే చేయండి, వాటిలోనూ స్టైరీన్ ఉంటుంది. తరువాత నమూనాను పెయింటింగ్ షాపుకు ఇచ్చి టూకే ప్రైమర్ కొట్టించండి. మామూలు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) ప్రైమర్ అయితే, అచ్చు వేసేటప్పుడు మొదట పూసే చిక్కటి రెజిన్ పూత అయిన జెల్‌కోట్‌లోని స్టైరీన్ తగలగానే మెత్తబడి లేచిపోతుంది. ప్రైమర్ వారం రోజులు ఆరాక 400, 800, 1000 నంబర్ల వాటర్ పేపర్లతో వరుసగా రుద్ది, పాలిష్ చేయండి.

ఒక్క బండికి అచ్చు ఎందుకని అడిగారు. అచ్చు లేకుండా కూడా చేయవచ్చు: ఫోమ్ మీద రెండు మూడు పొరల మ్యాట్ వేసి, లోపలి ఫోమ్‌ను తవ్వేసి, ఆ ఫైబర్‌నే ఫెండర్‌గా వాడుకోవచ్చు. ఖర్చు తక్కువ, పని సగం. కానీ అప్పుడు బయటి ముఖం మ్యాట్ గరుకుగా వస్తుంది. దాన్ని కప్పడానికి మందంగా లప్పం పూయాలి. ఫైబర్ వంగుతుంది, లప్పం వంగదు. కొన్ని నెలల్లో బోల్టు రంధ్రాల దగ్గర నుంచి సాలెగూడులా పగుళ్లు తేలుతాయి. అచ్చులో చేసిన ఫెండర్‌కు బయటి ముఖమే మొదట తయారవుతుంది, నునుపుగా, ఒకే మందంతో. పైగా ట్రాక్ మీద నడిపే బండికి ఫెండర్ పగలడం మామూలే. అచ్చు ఉంటే మరొకటి రెండు రోజుల్లో వస్తుంది. అచ్చే చేయండి.

అచ్చు వేసే ముందు నమూనాకు మైనం పట్టించడంలో తొందరపడవద్దు. నా మొదటి నమూనాకు రెండు పూతలు వేసి చాలనుకున్నాను. ఊడదీసే రోజున అచ్చు ఒక మూల లేచింది, మిగతాది నమూనాను కరిచి పట్టుకుంది. చివరికి సుత్తితో రెండింటినీ పగలగొట్టవలసి వచ్చింది. కొత్త నమూనాకు ఆరు పూతలు వేయండి. ప్రతి పూతా ఆరాక మెత్తటి నూలు గుడ్డతో మెరిసేదాకా తుడిచి, కనీసం గంట ఆగి మరో పూత వేయండి. ఆ పైన పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) ద్రావణాన్ని స్పాంజితో పలుచగా ఒకే దిశలో పూయండి. అది ఆరి పాలిథీన్ పొరలా అవుతుంది, నీటిలో కరుగుతుంది. అచ్చు అంచు చుట్టూ 5 సెంటీమీటర్ల వెడల్పు గట్టు రావాలి కాబట్టి, నమూనా అంచు వెంట సన్‌మైకా అంటించిన అట్టలను నిలిపి, సందులను పిల్లలు ఆడుకునే బంకమట్టితో మూసి, వాటికీ మైనం పట్టించండి.

ఇప్పుడు రసాయనాలు. ఈ పేరాను రెండుసార్లు చదవండి. మన దుకాణాల్లో పాలిస్టర్ రెజిన్‌తో పాటు రెండు చిన్న సీసాలు ఇస్తారు: గట్టిపడటాన్ని వేగం చేసే, ఊదారంగులో ఉండే కోబాల్ట్, నీళ్లలా కనిపించే హార్డెనర్. హార్డెనర్ అంటే ఎంఈకేపీ, అది పెరాక్సైడ్. ఈ రెండింటినీ నేరుగా ఒకదానితో ఒకటి ఎప్పుడూ కలపకూడదు. కలిపితే పేలుడు లాంటి చర్య జరుగుతుంది, నిప్పు అంటుకుంటుంది. ఒకే కొలపాత్రను రెండింటికీ వాడవద్దు, రెండు సీసాలనూ ఒకే పెట్టెలో పెట్టవద్దు. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో వేసి బాగా కలిపి, అది రెజిన్ అంతటా కలిసిపోయిన తరువాతే, పనికి కూర్చునే ముందు హార్డెనర్ వేయాలి. కోబాల్ట్ ముందే కలిపిన రెజిన్ అడిగి తీసుకోవడం అన్నిటికన్నా క్షేమం. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోగలదు. కంటికి పూర్తిగా మూసుకునే గాగుల్స్ లేకుండా ఆ సీసా మూత తీయవద్దు. పడితే వెంటనే ధారగా నీటితో కనీసం పదిహేను నిమిషాలు కడిగి, కంటి ఆసుపత్రికి పరుగెత్తాలి. అందుకని పని మొదలుపెట్టే ముందే ఒక బకెట్టు నిండా మంచినీళ్లు, మగ్గు పక్కన పెట్టుకోండి. చేతులు, బ్రష్షులు కడిగే అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. షెడ్డులో బీడీ, సిగరెట్, గ్రైండర్ ఏవీ ఉండకూడదు.

హార్డెనర్ కొలత రెజిన్ బరువులో 1 నుంచి 2 శాతం. అంటే 500 గ్రాముల రెజిన్‌కు 5 నుంచి 10 గ్రాములు. వేడి రోజున తక్కువ వైపు, చల్లని రోజున ఎక్కువ వైపు. 1 శాతం కన్నా తగ్గిస్తే లోపల ఎప్పటికీ పచ్చిగానే ఉంటుంది. వంటింటి చెంచాలతో కాకుండా సిరంజితో, చిన్న డిజిటల్ తక్కెడతో కొలవండి. ప్రతి రోజూ పని మొదలుపెట్టే ముందు 100 గ్రాములు కాగితపు కప్పులో కలిపి, ఎన్ని నిమిషాలకు జున్నులా గడ్డకడుతుందో చూసి రాసుకోండి. ఇరవై నిమిషాలు దొరికితే హాయిగా పని చేసుకోవచ్చు. ఒక్కసారికి అరకిలో మించి కలపవద్దు. మిగిలిన రెజిన్‌ను డ్రైనేజీలో పోయకండి. ఆరుబయట రేకు మీద పలుచగా పరిచి గట్టిపడనిచ్చి, అప్పుడు పారేయండి. రెజిన్ కొనేటప్పుడు డబ్బా మీద తయారీ తేదీ చూడండి, ఎండలో నిల్వ ఉన్న పాత డబ్బా లోపలే చిక్కబడి ఉంటుంది. రాణిగంజ్ మార్కెట్టులో గానీ, బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడల చుట్టుపక్కల గానీ ఈ సరుకు అమ్మే దుకాణాల కోసం విచారించండి.

అచ్చుకు మొదట జెల్‌కోట్. చదరపు మీటరుకు 500 నుంచి 600 గ్రాముల లెక్కన, మెత్తటి బ్రష్షుతో రెండు పూతలుగా వేస్తే అర మిల్లీమీటరు మందం వస్తుంది. వేలు ఆనిస్తే జిగురుగా తగలాలి, కానీ వేలికి అంటుకుని రాకూడదు; అప్పుడే తరువాతి పొర. అంతకన్నా ముందే రెజిన్ వేస్తే జెల్‌కోట్ మొసలి చర్మంలా ముడతలు పడుతుంది, ఆ ముడతలు ముందు వైపు కనిపిస్తాయి. మొదటి పొరగా పలుచని గాజు టిష్యూ, దాని మీద 300 గ్రాముల మ్యాట్ వేసి ఆ రోజుకు ఆపండి. మరునాడు 450 గ్రాముల మ్యాట్ రెండు పొరలు, ఆ మరునాడు ఇంకో రెండు. అన్నీ ఒకే రోజు వేస్తే వేడికి అచ్చు వంకర తిరుగుతుంది. వెనుక వైపు సన్నని ఇనుప గొట్టాలను మ్యాట్ ముక్కలతో అతికించి బలం ఇవ్వండి, వారం రోజులు నమూనా మీదే ఉంచండి. ఊడదీయడానికి చెక్క చీలలు వాడండి, స్క్రూడ్రైవరు వద్దు. అంచు కొంచెం లేవగానే సందులో నీళ్లు పోస్తే పీవీఏ కరిగి దారి ఇస్తుంది.

ఫెండర్ వేయడం ఇంత తతంగం తరువాత తేలిక. అచ్చుకు మళ్లీ మైనం, పీవీఏ, ఆ పైన జెల్‌కోట్, టిష్యూ, 450 గ్రాముల మ్యాట్ రెండు పొరలు. ఒక్కో పొర సుమారు ఒక మిల్లీమీటరు మందం ఇస్తుంది. అంచు మడత దగ్గర, బోల్టు పడే చోట్ల మూడో పొర. ఒక ఫెండర్ 0.4 చదరపు మీటర్లు అనుకుంటే రెండు పొరలకు మ్యాట్ 360 గ్రాములు, దానికి రెండున్నర రెట్ల లెక్కన రెజిన్ 900 గ్రాములు. ఇంతకన్నా ఎక్కువ రెజిన్ పోస్తే బలం పెరగదు, పెళుసుదనం పెరుగుతుంది. ముందు అచ్చుకు రెజిన్ పూసి, దాని మీద మ్యాట్ పరచి, బ్రష్షును ఈడ్చకుండా కొనతో పొడుస్తూ పోండి. తెల్లటి మ్యాట్ మెల్లగా రంగు కోల్పోయి, కింది జెల్‌కోట్ రంగు కనిపించేంత తేటగా మారుతుంది. ఇంకా తెల్లగా మిగిలిన చుక్కలు గాలి బుడగలు. వాటిని గాడులున్న ఇనుప రోలరుతో అంచుల వైపు నెట్టండి. పదునైన మూలల్లోకి మ్యాట్ దిగదు కాబట్టి అక్కడ ముందుగా రెజిన్‌లో నానబెట్టిన గాజు పోగులను దూర్చాలి. రెజిన్ తోలులా గట్టిపడి ఇంకా రాయిగా మారని గంట ఒకటి ఉంటుంది. ఆ సమయంలో అచ్చు గట్టు వెంట పదునైన కత్తితో కోస్తే మిగులు అంతా సులువుగా తెగుతుంది. ఆ గంట దాటిపోతే గ్రైండరు, దానితో పాటు గాజు దుమ్మూ తప్పవు.

రెండు రోజులు అచ్చులో ఉంచి తీసిన ఫెండర్‌ను ఎండలో కొన్నాళ్లు పెట్టి, పీవీఏను నీటితో కడిగి, అప్పుడు బండికి సరిచూడండి. బోల్టు రంధ్రాలను బోల్టు కన్నా కొంచెం పెద్దవిగా తొలిచి, వెడల్పు వాషర్లతో బిగించండి, ఎందుకంటే ఎండకు ఇనుమూ ఫైబరూ ఒకేలా సాగవు. లోపలి వైపు, టైరు విసిరే రాళ్లు తగిలే చోట, అండర్‌బాడీ కోటింగ్ మందంగా కొట్టించండి. లేకపోతే రాయి తగిలిన చోటల్లా బయటి పెయింటు మీద చిన్న నక్షత్రాల్లాంటి పగుళ్లు కనిపిస్తాయి. పెయింటు, ముందే అన్నట్లు, షాపువారి పని.

ఒక్కరే చేయగలరా అన్న ప్రశ్న మిగిలింది. కొలవడం, చెక్కడం, రుద్దడం ఒక్కరే చేసుకోవచ్చు, అలా చేయడమే మంచిది కూడా, ఎందుకంటే వంపు ఒకే చేతిది అవుతుంది. రెజిన్ కలిపే రోజుల్లో మాత్రం ఒంటరిగా వెళ్లకండి. రెజిన్ కలిపే చేయి పొడిగా, శుభ్రంగా ఉండాలి. పరిచే చేతికి జిగురు తప్పదు. థర్మకోల్ సలహా ఇచ్చిన ఆ స్నేహితుడినే తోడు తీసుకువెళ్లి, తక్కెడ, సిరంజి, గడియారం అతనికి అప్పగించండి. ఏ గంటకు ఎంత కలిపారో అతను గోడ మీద సుద్దతో రాస్తూ ఉంటే, మీరు తల ఎత్తకుండా మ్యాట్ మీదే చూపు నిలపవచ్చు.